కొరియా గిటార్లు: ఏది కొనాలి, దేని మీద ఖర్చు పెట్టాలి

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్లలో 'మేడ్ ఇన్ కొరియా' అన్న ముద్రకు ఒక గిరాకీ ఉంది. హెడ్‌స్టాక్ (మెడ చివర ట్యూనర్లుండే తల భాగం) వెనక అది కనిపిస్తే చాలు, అమ్మేవాళ్లు ధర కొంచెం పెంచుతారు, కొనేవాళ్లు బేరం కొంచెం తగ్గిస్తారు. నా దృష్టిలో ఆ ముద్ర ఒక్కదానికే అంత విలువ ఇవ్వక్కర్లేదు. ప్లైవుడ్ బాడీ ఉన్న స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) నకళ్లూ కొరియా ఫ్యాక్టరీల నుంచే వచ్చాయి, ఇరవై ఏళ్లు వాయించినా మెడ చెక్కుచెదరని మహాగనీ గిటార్లూ అక్కడి నుంచే వచ్చాయి. బ్రాండు ఎంత ధరలో చేసిపెట్టమంటే ఫ్యాక్టరీ ఆ ధరకు తగ్గట్టు చేసింది, అంతే. కాబట్టి చూడాల్సినవి రెండు: ఆ గిటార్ ఏ కాలంలో ఏ ధర తరగతికి తయారైంది, దాంట్లో మనం తర్వాత మార్చుకోలేని భాగాలు ఎలా ఉన్నాయి. మిగతావన్నీ స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్‌తో సరిదిద్దుకునేవే.

ఏ కాలం గిటార్

కొరియాలో ఈ పరిశ్రమ పియానోల పక్కన పెరిగింది. 1958లో మొదలైన సామిక్, ఆ తర్వాత గిటార్లు కూడా చేసిన యంగ్ చాంగ్, రెండూ మొదట పియానో కంపెనీలే. కోర్ట్ బ్రాండు వెనక ఉన్న కోర్‌టెక్ 1973లో మొదలైంది. 1980లలో జపాన్‌లో జీతాలు, దాంతోపాటు యెన్ విలువ పెరిగేసరికి అమెరికా బ్రాండ్లు తమ చవక మోడళ్లను జపాన్ నుంచి కొరియాకు మార్చాయి. గిబ్సన్ వాళ్ల ఎపిఫోన్ అలాగే వచ్చింది, ఫెండర్ వాళ్ల స్క్వయర్ అలాగే వచ్చింది. ఈ తొలి దశ గిటార్లలోనే తేడాలు బాగా ఎక్కువ. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన కొరియా స్క్వయర్లలో చాలావాటికి ప్లైవుడ్ బాడీ ఉంటుంది. అదే కాలంలో యంగ్ చాంగ్ తన సొంత ఫీనిక్స్ పేరుతో చేసిన గిటార్లకు మాత్రం ఇప్పటికీ మంచి పేరుంది.

రెండో దశ 2000ల మొదట్లో మొదలైంది. అమెరికా కంపెనీ పీఆర్ఎస్ తన ఎస్‌ఈ శ్రేణిని 2001లో కొరియాలో మొదలుపెట్టింది. ఇంచియాన్‌లోని వరల్డ్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్, గిటార్ వాళ్లంతా డబ్ల్యూఎంఐ అనే కంపెనీ, పీఆర్ఎస్ ఎస్‌ఈతో పాటు షెక్టర్ డైమండ్ సిరీస్, ఈఎస్‌పీ వాళ్ల ఎల్‌టీడీ పై శ్రేణి మోడళ్లు కూడా చేసింది. కొరియా గిటార్ బాగుంటుందన్న పేరు చాలావరకు ఈ కాలంలో సంపాదించిందే. 1990ల స్క్వయర్ అమ్మేవాళ్లు కూడా ఆ పేరునే వాడుకుంటున్నారు. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఆ తర్వాత కొరియాలోనూ కూలీ ఖర్చు పెరిగింది. గిబ్సన్ ఎపిఫోన్ కోసం చైనాలోని చింగ్‌దావ్‌లో ఫ్యాక్టరీ పెట్టుకుంది. కోర్ట్ 2007, 2008లలో కొరియాలోని తన ఫ్యాక్టరీలను మూసేసి పనిని ఇండోనేషియా, చైనాలకు తరలించింది. ఉద్యోగాలు పోయిన కార్మికులు చేసిన పోరాటం 2019లో గానీ ఒప్పందంతో ముగియలేదు. చవక గిటార్ వెనక ఉన్న ఈ సంగతి బ్రాండ్ల చరిత్రల్లో పెద్దగా కనిపించదు. ఇదంతా జరిగాక, కొత్తగా కొరియాలో తయారయ్యే గిటార్ అంటే దాదాపుగా మధ్య తరగతి ధర గిటారే. నిజంగా చవకగా కొరియా గిటార్ కావాలంటే సెకండ్ హ్యాండే దారి.

ఎపిఫోన్ విషయంలో ఫ్యాక్టరీ తెలుసుకోవడం సులువు. కొరియాలో చేసినవాటి సీరియల్ నంబరు ముందు ఎస్ ఉంటే సామిక్, యూ ఉంటే ఉన్‌సంగ్, పీ లేదా ఆర్ ఉంటే పీర్‌లెస్. పీర్‌లెస్ వాళ్లది బోలు బాడీ గిటార్లలో చేయి తిరిగిన పని. సెమీ హాలో (సగం బోలు) ఎపిఫోన్ చూస్తుంటే ఆ అక్షరం కనిపిస్తే నేను కొంచెం ఎక్కువసేపు ఆగి చూస్తాను. అయితే అక్షరం చూసి డబ్బు తీయకండి, మెడ చూసి తీయండి.

మార్చలేనివి ముందు చూడాలి

పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగం) మార్చొచ్చు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) మార్చొచ్చు. బోల్ట్-ఆన్ (స్క్రూలతో బిగించినది) అయితే మెడ కూడా మార్చొచ్చు, కానీ ఆ ఖర్చు గిటార్ ధరను దాటిపోతుంది కాబట్టి లెక్కలోకి తీసుకోకండి. మెడ, బాడీ, ఆ రెండూ కలిసే చోటు, ఫ్రెట్ల (మెడ మీది లోహపు అడ్డు కమ్మీల) అరగకుండా మిగిలిన ఎత్తు: కొనేటప్పుడు ఎంతసేపు చూసినా తక్కువే అనిపించేవి ఇవి.

మెడను హెడ్‌స్టాక్ వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు చూడండి. నిలువునా కొంచెం వంపు ఉంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) సరిచేస్తుంది. బాస్ వైపు అంచు ఒకలా, ట్రెబుల్ వైపు అంచు ఇంకోలా వంగి మెలి తిరిగినట్టుంటే ఆ గిటార్ వదిలేయండి. తర్వాత మొదటి ఫ్రెట్‌నూ, మెడ బాడీలో కలిసే చోటున్న ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కిపెట్టి ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీ చూడండి. 0.2 మి.మీ. చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉన్నట్టు. చాలా ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందో లేదో అమ్మేవాళ్ల ముందే చూసుకోవాలి. పూర్తిగా బిగిసిపోయి ఇక కదలని రాడ్ ఉన్న గిటార్ ఎంత చవకైనా బేరం కాదు. కొరియా గిటార్ల రాడ్‌కు ఎక్కువగా మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది. అంగుళాల కీ దూర్చి తిప్పి రాడ్ నట్‌ను గుండ్రంగా అరగదీసినవాళ్లు చాలామందే ఉన్నారు, అదీ ఒక చూపు చూడండి.

బాడీ చెక్క ఏమిటో తెలియాలంటే ట్రెమెలో (స్వరాన్ని ఊపడానికి కదిలే బ్రిడ్జ్) వెనక మూత తీసి చూడటం అన్నిటికన్నా సులువు. రంగు సరిగా పడని అంచుల్లో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. అగాథిస్, నాటో, బాస్‌వుడ్, ఆల్డర్ ఈ తరగతిలో మామూలు. ప్లైవుడ్ గిటార్ మోగదని కాదు, మోగుతుంది. కానీ అందులో స్క్రూలు పదేపదే తీసి బిగిస్తే పట్టు వదులుతాయి, ట్రెమెలో పోస్టులు ఒరుగుతాయి. అప్‌గ్రేడ్ ఉద్దేశంతో కొనేవాళ్లకు అందుకే అది సరిపడదు. నాటోను 'తూర్పు దేశాల మహాగనీ' అంటూ అమ్మడం కూడా చూస్తుంటాం. అది వేరే చెట్టు, చెక్క మాత్రం బాగానే ఉంటుంది. లెస్‌పాల్ తరహా ఎపిఫోన్ మీద కనిపించే చారల మేపుల్ చాలాసార్లు కాగితం లాంటి పలచని పొర. అందానికే ఉంది, దానికోసం ఎక్కువ ధర ఇవ్వకండి.

కొరియా గిటార్లకు వేసే మందమైన పాలిస్టర్ పూతను చాలామంది తిడతారు, చెక్క ఊపిరి పీల్చదంటారు. నాకు ఆ ఫిర్యాదు అర్థం కాదు. పాతికేళ్ల తర్వాత కూడా ఆ గిటార్లు మెరుస్తున్నాయంటే ఆ పూత వల్లే. దాంతో నిజమైన ఇబ్బంది ఒకటే: రంధ్రం పెద్దది చేయబోతే అంచు చిట్లిపోతుంది. అది కింద మళ్లీ వస్తుంది.

రకాల మధ్య ఎంపిక

1990ల ఎపిఫోన్ లెస్‌పాల్ లేదా ఎస్‌జీకి సెట్ నెక్ (జిగురుతో అతికించిన మెడ) ఉంటే, మెడ నిటారుగా ఉంటే, అప్‌గ్రేడ్ కోసం కొనడానికి నా మొదటి సలహా అదే. చెక్క పని సరిగ్గా ఉంటుంది, లోపలి కరెంటు సామాను మాత్రం చవకది. అంటే డబ్బు పెట్టాల్సిన చోటు స్పష్టంగా తెలుస్తుంది. అదే ధరకు కొరియా స్క్వయర్ దొరికితే, బాడీ ఘనమైన చెక్క అని కళ్లతో చూశాకే ఆలోచించండి. ఫెండర్ పేరుతోనే కొరియాలో చేసిన లైట్ యాష్ టెలికాస్టర్ మాత్రం వేరే కథ. దాంట్లో అమెరికా పికప్ కంపెనీ సీమోర్ డంకన్ పికప్‌లు ఫ్యాక్టరీలోనే పెట్టారు, మెడ మేపుల్ కూడా చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని అప్‌గ్రేడ్ చేయాలన్న ఆలోచనే అక్కర్లేదు, దొరికితే వాయించుకోవడమే.

హెవీ రాక్, మెటల్ వాయించేవాళ్లకు పాత ఎల్‌టీడీ ఈసీ-1000 ఉన్న చోట ఇంకోటి వెతకడం దండగ. మహాగనీ బాడీ, సెట్ నెక్, ఈఎంజీ 81, 60 పికప్‌లు, లాకింగ్ ట్యూనర్లు, టోన్‌ప్రోస్ బ్రిడ్జ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. దీని ధర ఎపిఫోన్ కన్నా ఎక్కువ. కానీ ఎపిఫోన్‌లో ఇవన్నీ విడివిడిగా కొని పెడితే ఖర్చు అక్కడికే తేలుతుంది, తిరిగి అమ్మేటప్పుడు మాత్రం ఆ ఖర్చు రాదు. షెక్టర్‌లో కొరియాలో చేసిన హెల్‌రైజర్ లాంటివీ ఇదే కోవ. వీటిలో ఈఎంజీ లాంటి, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు నచ్చక మామూలు పికప్‌లు పెట్టుకోవాలనుకుంటే పికప్ ఒక్కటే మారిస్తే కుదరదు. ఈఎంజీకి వాడే 25 కె పాట్‌లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు) మామూలు హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) గొంతు నొక్కేస్తాయి, వాటి స్థానంలో 500 కె పాట్‌లు పెట్టాలి. బ్యాటరీని ఆన్ చేసే స్టీరియో జాక్ వైరింగ్ కూడా మార్చాలి. ఆ పని ఇష్టం లేకపోతే ముందే మామూలు పికప్‌ల మోడల్ చూసుకోండి.

పీఆర్ఎస్ ఎస్‌ఈ దగ్గర ఒక పోలిక తప్పదు. డబ్ల్యూఎంఐ చేసిన పాత కొరియా ఎస్‌ఈ కొనాలా, ఇప్పుడు ఇండోనేషియాలో సురబాయాలోని కోర్‌టెక్ ఫ్యాక్టరీ చేస్తున్న కొత్తది కొనాలా? కొరియాదే మేలని చెప్పేవాళ్లు చాలామంది. కోర్‌టెక్ కొరియా కంపెనీయే, పీఆర్ఎస్ పని కోసం అక్కడ ప్రత్యేకంగా లైన్ పెట్టుకుంది. కొత్తవాటి ఫ్రెట్ పని నాకు ఎక్కడా తక్కువ అనిపించలేదు. పాత కొరియాది ధరలో బాగా తక్కువైతేనే తీసుకోండి, సమానమైతే కొత్తదానికే ఓటు. తొలినాటి ఎస్‌ఈ సోప్‌బార్ లాంటి మోడళ్లకు ఒకే ముక్క స్టాప్‌టైల్ బ్రిడ్జ్ ఉంటుంది. ప్రతి తీగకు విడివిడిగా ఇంటోనేషన్ (మెడ పొడవునా శ్రుతి) సరిచేసుకునే వీలు దాంట్లో లేదు. అదే కొలతలో తీగ తీగకూ జరుపుకునే బ్రిడ్జ్ దొరుకుతుంది. ఆ గిటార్‌కు పెట్టదగిన మొదటి ఖర్చు అదే, పికప్ కాదు.

బోలు బాడీ కావాలంటే కొరియాలో చేసిన గ్రెచ్ ఎలక్ట్రోమాటిక్‌లు, 1990ల చివర గిల్డ్ ఆధ్వర్యంలో వచ్చిన డీఆర్మండ్ ఎక్స్-155 లాంటివి చూడండి. ఆ డీఆర్మండ్‌లలో పై మోడళ్లకు అమెరికాలో చేసిన గోల్డ్‌టోన్ పికప్‌లే ఉండేవి కాబట్టి వాటిని తీసేసి అమ్ముకున్న గిటార్లు కూడా తిరుగుతుంటాయి. పికప్ అసలుదేనా అని అడగండి. గ్రెచ్‌లో పాట్‌లు, వైర్లు ఎఫ్-హోల్ (బాడీ మీది ఎఫ్ ఆకారపు రంధ్రం) గుండా తాడు కట్టి బయటికి లాగి, మళ్లీ లోపలికి పంపాలి. ఓపిక లేనివాళ్లు ఈ రకం గిటార్‌ను అప్‌గ్రేడ్ పేరుతో కొనొద్దు. బ్రిడ్జ్ కూడా చాలావాటిలో బాడీకి బిగించి ఉండదు, తీగలన్నీ ఒకేసారి తీస్తే జరిగిపోతుంది. రెవరెండ్ గిటార్లు కూడా కొరియాలోనే తయారై, అమెరికాలో ఒహాయోలోని టొలీడోలో సెటప్ (వాయించడానికి వీలుగా సర్దుబాట్లు) అయి బయటికి వస్తాయి. వాటిలో పని ఏమీ మిగలదు, ధర కూడా 'చవక' అనేంత తక్కువ కాదు.

ఖర్చు ఏ వరసలో

గిటార్ ఇంటికి రాగానే పికప్ ఆర్డర్ పెట్టేవాళ్లకు ఒక మాట: ముందు నట్, అంటే హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాడుల ముక్క. కొరియా చవక గిటార్లలో తీగ ట్యూన్ తప్పడానికి పది సార్లలో ఎనిమిది సార్లు కారణం ట్యూనర్ కాదు, నట్ గాడి. తీగ వంచి వదిలినప్పుడు 'టిక్' అని శబ్దం వచ్చి స్వరం జారితే తీగ నట్‌లో ఇరుక్కుంటోందని గుర్తు. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడండి. కాగితం మందం ఖాళీ ఉండాలి. బాగా ఎత్తుగా ఉంటే మొదటి మూడు ఫ్రెట్లలో కార్డులు శ్రుతి తప్పినట్టు వినిపిస్తాయి, గిటార్ చెడ్డదని మనం అనుకుంటాం. ఎముక నట్ చెక్కించి, ఫ్రెట్లు సమం చేయించి, సెటప్ చేయిస్తే సగం మందికి అప్‌గ్రేడ్ కోరికే తీరిపోతుంది. మంచి టెక్నీషియన్‌కు ఇచ్చే ఆ డబ్బు, ఒక్క బ్రాండెడ్ పికప్ ధర కన్నా తక్కువే పడుతుంది చాలాచోట్ల.

తర్వాత పాట్‌లు, స్విచ్, జాక్. పాత కొరియా గిటార్లలో ముందు పోయేవి ఇవే: వాల్యూమ్ తిప్పితే గరగర, స్విచ్ మధ్యలో పెడితే ఒక పికప్ మాయం. వీటిని మార్చేటప్పుడు కొలత దగ్గర చాలామంది చిక్కుకుంటారు. వాటిలో ఉండే పాట్ మెడకు 7 లేదా 8 మి.మీ. రంధ్రం సరిపోతుంది. సీటీఎస్ లాంటి అమెరికా పాట్‌కు సుమారు 9.5 మి.మీ. కావాలి. స్ట్రాట్ ప్లాస్టిక్ గార్డ్ అయితే రీమర్‌తో తిప్పేస్తే అయిపోతుంది. ఎపిఫోన్ పైభాగంలో అయితే ఇందాక చెప్పిన పాలిస్టర్ పూత చిట్లుతుంది. టేప్ అంటించి, డ్రిల్ కాకుండా చేతి రీమర్‌తో నెమ్మదిగా చేయాలి. నన్నడిగితే రంధ్రం జోలికి వెళ్లకుండా అదే కొలతలో మంచి కంపెనీ పాట్ తీసుకోవడం మేలు, చెవికి తేడా తెలియదు. ఇంకోటి, పాట్ మారిస్తే పాత నాబ్‌లు పట్టకపోవచ్చు, పళ్ల సంఖ్య వేరు. స్ట్రాట్ తరహా గిటార్‌లో డబ్బా రకం స్విచ్ తీసి అమెరికా రకం పెట్టాలంటే లోపల లోతు చాలాలి. ముందే స్కేలు పెట్టి కొలవండి.

ఇవన్నీ అయ్యాక కూడా ధ్వని మందంగా, బురదగా అనిపిస్తే అప్పుడు పికప్. బ్రిడ్జ్ పికప్ ఒక్కటి మారిస్తే తేడా చాలావరకు వచ్చేస్తుంది, మెడ దగ్గరిది అలాగే ఉంచొచ్చు. తీగల మధ్య దూరం చూసుకోండి: హంబకర్లు 49-50 మి.మీ. కొలతలోనూ, వెడల్పు బ్రిడ్జ్‌ల కోసం 52-53 మి.మీ. కొలతలోనూ వస్తాయి. 'డంకన్ డిజైన్డ్' అని రాసి ఉన్నవి అమెరికాలో చేసిన సీమోర్ డంకన్ పికప్‌లు కావు. వాళ్ల డిజైన్ ఆధారంగా బయట చేయించినవి. అమ్మేవాళ్లు ఆ రెండో పదాన్ని మింగేసి చెప్పడం ఆనవాయితీ. అలాగని అవి తీసిపారేయాల్సినంత చెడ్డవీ కావు.

స్ట్రాట్ ట్రెమెలో బ్లాక్ మార్చాలనుకుంటే రెండు కొలతలు తీసుకోకుండా డబ్బు కట్టకండి. కొరియా బ్రిడ్జ్‌లలో ఆరు తీగల మొత్తం దూరం చాలాసార్లు 52.5 మి.మీ. ఉంటుంది, పాత అమెరికా డిజైన్‌లో అది 56 మి.మీ. దగ్గర. బాడీ మందం కూడా కొన్నిటికి 40 మి.మీ. దగ్గరే ఉంటుంది, మామూలు 44-45 మి.మీ. బాడీకి చేసిన పొడవాటి స్టీల్ బ్లాక్ వెనక నుంచి బయటికి పొడుచుకు వస్తుంది. లెస్‌పాల్ తరహా బ్రిడ్జ్‌లోనూ ఇదే తంటా: కొరియా పోస్టులు లావుగా మెట్రిక్ కొలతలో, గిబ్సన్‌వి వేరేగా ఉంటాయి. గోటో, ఫేబర్ లాంటి కంపెనీలు మెట్రిక్ పోస్టులకు సరిపోయేవి ఇస్తాయి. అవి తీసుకుంటే పాత రంధ్రాలు పూడ్చి కొత్తవి తవ్వాల్సిన పని లేదు.

ఫ్లాయిడ్ రోజ్ (తీగలను లాక్ చేసే ట్రెమెలో) ఉన్న గిటార్‌లో మాత్రం బ్రిడ్జే గుండె. 'స్పెషల్' రకంలో శాడిల్స్ (తీగలు ఆనే ముక్కలు), బ్లాక్ జింక్ మిశ్రమంతో చేసినవి. 1000 సిరీస్‌ను కొరియాలోనే చేస్తారు, లోహం మాత్రం జర్మనీలో చేసే అసలు ఫ్లాయిడ్‌తో సమానంగా వాడతారు. పాత గిటార్ మీద పేరు తెలియని లైసెన్స్డ్ ఫ్లాయిడ్ ఉంటే, పోస్టుల మీద ఆనే కత్తి అంచులు అరిగాయేమో భూతద్దం పెట్టి చూడండి. అరిగితే బ్రిడ్జ్ మొత్తం మార్చాలి, పోస్టుల మధ్య దూరం 74 మి.మీ. ఉంటేనే ప్రామాణిక ఫ్లాయిడ్ నేరుగా కూర్చుంటుంది. అలా లేకపోతే ఆ గిటార్ వద్దు.

ట్యూనర్లు చివరికి. నట్ సరిచేశాక కూడా బిగించిన ట్యూనర్ జారిపోతుంటేనే మార్చండి. కొరియా గిటార్ల ట్యూనర్ రంధ్రం ఎక్కువగా 10 మి.మీ., గ్రోవర్, గోటో, షాలర్ సాధారణ మోడళ్లు నేరుగా కూర్చుంటాయి. వెనక స్క్రూ రంధ్రం పాతదానితో కలుస్తుందో లేదో ఒక్కటి చూసుకోండి.

మొత్తం అప్‌గ్రేడ్ ఖర్చు గిటార్ కొన్న ధరలో సగం దాటుతోందంటే ఆగి, ఆ రెండూ కలిపిన ధరకు పై శ్రేణి గిటార్ ఏదొస్తుందో చూడండి. ఎపిఫోన్ కొని సగం ధర పెట్టేవాళ్లు చాలాసార్లు సెకండ్ హ్యాండ్ ఈసీ-1000 దగ్గరికే చేరతారు. పని చేయడంలో ఉన్న సరదా కోసమే అయితే ఈ లెక్క పక్కన పెట్టండి, ఎపిఫోనే కొనండి. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ తీసిన పాత పికప్‌లు, పాట్‌లు, స్క్రూలు అన్నీ ఒక కవర్‌లో వేసి మోడల్ పేరు రాసి దాచండి. అమ్మే రోజున కొత్త సామాను తీసేసుకుని పాతవి తిరిగి పెట్టి ఇస్తే, ఆ పికప్‌లు తర్వాతి గిటార్‌లోకి వెళ్తాయి.